ఎడారికి బయల్దేరే ముందు ఒక పేజీ
అమెరికాలోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ



నేను లాస్ వెగాస్‌ను ఆనుకుని ఉన్న హెండర్సన్‌లో ఉంటున్నాను. ఇక్కడ కాపురమున్న ప్రతి తెలుగింటికీ ఏడాది పొడుగునా చుట్టాల రాకపోకలుంటాయి. వచ్చినవాళ్ళు మొదటి రెండు రోజులూ స్ట్రిప్ మీద దీపాలు, ఫౌంటెన్లు చూస్తారు. మూడో రోజు పొద్దున్నే ‘దగ్గర్లో ఇంకేమున్నాయి?’ అని అడుగుతారు. ఆ మూడో రోజు గురించే ఈ లేఖ.

మిమ్మల్ని అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మెమోరియల్ డే, జూలై 4, లేబర్ డే సెలవులకు ముందు మీ సభ్యులందరికీ ఎడారి ప్రయాణం గురించి తెలుగులో ఒక్క పేజీ పంపండి. సంఘాల తరఫున జరిగే ఎడారి యాత్రల్ని నవంబరు–మార్చి నెలల మధ్యకు మార్చండి. వేసవిలో వచ్చిన పెద్దవాళ్ళను లోయల్లోకి కాకుండా కొండ మీదికి తీసుకెళ్ళమని పిల్లలకు చెప్పండి. ఈ మూడు పనులకూ పెద్దగా ఖర్చు లేదు. ఆపద వచ్చాక మీరు పడే శ్రమ అందరం చూస్తున్నాం. ఆస్పత్రికి పరుగెత్తడం, కాన్సులేట్‌తో మాట్లాడడం, చందాలు పోగుచెయ్యడం, భౌతికకాయాన్ని ఊరికి చేర్చడం అన్నీ మీరే చేస్తున్నారు. ఆ శ్రమలో పదో వంతు ముందే పెడితే కొన్ని ఇళ్ళలో ఆ అవసరమే రాదు.

మన ప్రయాణాలన్నీ వేసవిలోనే ఎందుకు పడతాయో మీకు తెలియనిది కాదు. పిల్లల బడులకు సెలవులు అప్పుడే. అమ్మానాన్నలు, అత్తమామలు చలికి భయపడి ఏప్రిల్‌లోనో మేలోనో దిగి, మంచు పడకముందే తిరిగి వెళ్ళిపోతారు. సంఘాల మహాసభలు కూడా ఎక్కువగా ఆ నెలల్లోనే. అలా మన వాళ్ళు లాస్ వెగాస్ చుట్టూ ఉన్న మొహావీ ఎడారిలో అడుగుపెట్టేది సరిగ్గా ఆ ఎడారి మనిషిని రానివ్వని కాలంలో. ఇక్కడి స్థానికులకు ఎడారి కాలం చలికాలమే. ఊరి పక్కనే ఉన్న రెడ్ రాక్ కాన్యన్‌లో అక్టోబరు నుంచి మే చివరిదాకా పగటి వేళ లోపలికి వెళ్ళాలంటే ముందుగా టైము బుక్ చేసుకోవాలి, అంత రద్దీ. జూన్, జూలై, ఆగస్టుల్లో ఆ బుకింగ్ అక్కర్లేదు. ఎందుకక్కర్లేదో మన వాళ్ళకు ఎవరూ చెప్పడం లేదు.

‘మేం చూడని ఎండా?’ అనే ధీమా ఒకటి మనలో ఉంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని చెప్పుకునే నేల మనది. రామగుండం, రెంటచింతల ఎండలు తెలిసినవాళ్ళం. కానీ ఆ ఎండ మనల్ని వదిలిపెట్టిందెప్పుడు? 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోతే, అందులో ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణల వాళ్ళే. ఎండ అలవాటున్నంత మాత్రాన వడదెబ్బ తగలకుండా పోదు.

పైగా ఇక్కడి ఎండ తీరు వేరు. విజయవాడలో మే నెలలో నాలుగడుగులు వేస్తే చొక్కా వీపుకు అతుక్కుంటుంది. చెమట కనిపిస్తుంది గనక నీళ్ళు తాగాలని తడుతుంది. లాస్ వెగాస్‌లో జూన్ మధ్యాహ్నం గాలిలో తేమ తరచూ 10 శాతానికి లోపే ఉంటుంది. చెమట పట్టిన క్షణానే ఆరిపోతుంది. ఒంట్లో నీరు పోతూనే ఉంటుంది, చర్మం మాత్రం పొడిగా ఉంటుంది. ఒక జూన్ మధ్యాహ్నం రెడ్ రాక్‌లో కాలికో రాళ్ళ దగ్గర పార్కింగ్‌లో ఒక కుటుంబాన్ని చూశాను. కొడుకూ కోడలూ పిల్లలతో రాళ్ళెక్కి ఫొటోలు తీసుకుంటున్నారు. డెబ్భై ఏళ్ళ పెద్దాయన వ్యాను పక్కన జానెడు నీడలో నిలబడి ఉన్నాడు. చేతిలో చిన్న వాటర్ బాటిల్, అందులో అడుగున గుక్కెడు నీళ్ళు. పెదాలు తెల్లగా పొక్కిపోయాయి. ‘బాగానే ఉన్నారా బాబాయిగారూ?’ అంటే, ‘నాకేమమ్మా, చెమటే పట్టలేదు. మా ఊరి ఎండతో పోలిస్తే ఇదెంత?’ అన్నాడు. ఆ మాట తడబడుతూ వచ్చింది. కారులో ఏసీ వేసి కూర్చోబెట్టి, తువ్వాలు తడిపి మెడ మీద వేసి, కాసిని కాసిని నీళ్ళు తాగిస్తే తేరుకున్నాడు. కొడుకు నిర్లక్ష్యం చేసేవాడేమీ కాదు, తండ్రి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. చెమట పట్టకపోవడాన్ని ఇక్కడ నమ్మకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

అంకెలు కూడా చెప్పాలి. 2024 జూలై 7న లాస్ వెగాస్‌లో 120 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. అంటే దాదాపు 49 డిగ్రీల సెల్సియస్. ఈ ఊరి చరిత్రలో అదే అత్యధికం. లాస్ వెగాస్ ఉన్న క్లార్క్ కౌంటీలో ఆ ఒక్క ఏడాదిలో వేడికి సంబంధించిన మరణాలు 500 దాటాయి. ఇక్కడికి రెండు గంటల ప్రయాణంలో ఉన్న డెత్ వ్యాలీలో 1913 జూలై 10న నమోదైన 134 డిగ్రీలు, అంటే 56.7 సెల్సియస్, ప్రపంచ రికార్డుగా ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది. అది గాలి వేడి. అక్కడే ఫర్నేస్ క్రీక్‌లో 1972 జూలైలో నేల వేడి కొలిస్తే 201 డిగ్రీలు వచ్చింది. 94 సెల్సియస్. నీళ్ళు మరగడానికి ఆరు డిగ్రీలు తక్కువ.

ఇంత వేడి నేల మీద మన వాళ్ళు హవాయి చెప్పులతో దిగుతారు. 2024 జూలైలో డెత్ వ్యాలీ ఇసుక తిన్నెల మీద నడుస్తున్న ఒక బెల్జియం పర్యాటకుడి చెప్పులు పోయాయి. ఆ రోజు వేడి 123 డిగ్రీలు. అరికాళ్ళ చర్మం కాలి ఊడిపోయింది. వేడికి గాలి పలచబడడంతో హెలికాప్టర్ అక్కడ దిగలేకపోయింది. తోటి సందర్శకులు అతన్ని పార్కింగ్‌కు మోసుకొచ్చారు. రేంజర్లు అంబులెన్సులో ఎత్తు ప్రదేశానికి తీసుకెళ్ళాక గానీ హెలికాప్టర్ ఎక్కించలేకపోయారు. ఆ మనిషి వయసు నలభై పైచిలుకు. మన ఇళ్ళలో షుగరున్న పెద్దవాళ్ళెంతమందో ఆలోచించండి. ఏళ్ళ తరబడి షుగరుంటే చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. కాలుతోందని కాలు చెప్పదు. బొబ్బ కనిపించేది రాత్రి హోటల్లో చెప్పులు విడిచాకే. ఆ పుండు మానడానికి ఎన్ని నెలలు పడుతుందో, విజిటర్ ఇన్సూరెన్స్ అందులో ఎంత ఇస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

బీపీ మాత్రల సంగతీ ఇలాంటిదే. కొన్ని బీపీ మందులు మూత్రం ఎక్కువ వచ్చేట్టు చేసి ఒంట్లో నీరు తగ్గిస్తాయి. ఎండలో అవే ప్రమాదం తెచ్చిపెడతాయి. మాత్ర మానెయ్యమని ఎవరూ సొంతంగా చెప్పకూడదు. ప్రయాణానికి ముందు డాక్టరునడగాలి. మీ సంఘాల్లో తెలుగు డాక్టర్లకు కొదవ లేదు. ఈ ఒక్క విషయం మీద అరగంట జూమ్ సమావేశం పెట్టించండి.

దూరాల విషయంలో కూడా మన వాళ్ళు బాగా మోసపోతున్నారు. మ్యాపులో అన్నీ దగ్గర దగ్గరగానే కనిపిస్తాయి. రెడ్ రాక్ కాన్యన్ స్ట్రిప్‌కు పడమరగా 17 మైళ్ళు. ఉదయం వెళ్ళి 13 మైళ్ళ వన్‌వే దారిలో ఆగుతూ ఆగుతూ చూసి, మధ్యాహ్న భోజనానికి వచ్చెయ్యొచ్చు. ఈశాన్యంగా 50 మైళ్ళలో వ్యాలీ ఆఫ్ ఫైర్ స్టేట్ పార్కు. అదీ ఒక పూట పనే. డెత్ వ్యాలీ వేరు. లోపలి దారులే గంటల ప్రయాణం, చాలాచోట్ల ఫోను పనిచెయ్యదు. కారు ఆగిపోతే కారును విడిచి నడవకూడదని అక్కడి రేంజర్లు పదేపదే చెబుతారు. దూరం నుంచి కారు కనబడుతుంది, మనిషి కనబడడు. తలకు రోజుకు ఒక గ్యాలన్ నీళ్ళు, అంటే దాదాపు నాలుగు లీటర్లు, కారులో ఉండాల్సిందే. మ్యాపులు ముందే ఫోనులో దింపుకోవాలి. జీపీఎస్ చూపించిన ప్రతి మట్టిదారీ దారి కాదు.

గ్రాండ్ కాన్యన్ పేరుతో జరిగే గందరగోళం మరొకటి. 2007లో తెరిచిన గాజు వంతెన, స్కైవాక్, ఉన్నది గ్రాండ్ కాన్యన్ వెస్ట్‌లో. అది నేషనల్ పార్కులో లేదు, హువాలపై తెగవారి సొంత భూమి. నేషనల్ పార్కు పాసు అక్కడ చెల్లదు. చాలామంది ఫొటోల్లో చూసి కలలుగన్న సౌత్ రిమ్ ఇక్కడికి 280 మైళ్ళు. పోనూ రానూ తొమ్మిది గంటల డ్రైవింగ్. పొద్దున బయల్దేరి అర్ధరాత్రికి తిరిగొచ్చే ఈ ఒక్కరోజు యాత్రలో ఎండకంటే నిద్ర ప్రమాదం. మన విద్యార్థులు ఖర్చు తగ్గించుకుందామని కారు ఒకటి అద్దెకు తీసుకుని, ఒక్కడే డ్రైవరుగా రాత్రంతా నడిపి తెల్లారేసరికి క్లాసుకో ఉద్యోగానికో అందుకోవాలని చూస్తారు. వాళ్ళకు గట్టిగా చెప్పగలిగేది మీరే. సౌత్ రిమ్ చూడాలంటే ఒక రాత్రి అక్కడుండండి, లేదా ఈసారికి రెడ్ రాక్ చూసి తృప్తిపడండి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా ఇంకో ఆపద ఉంది. ఎక్కడో కొండ మీద వాన పడుతుంది. మన నెత్తిన నీలాకాశమే ఉంటుంది. అరగంటలో ఎండిన వాగులోకి రాళ్ళతో, బురదతో వరద దిగుతుంది. 2015 సెప్టెంబరులో జయాన్ నేషనల్ పార్కులో ఇరుకు లోయలోకి దిగిన ఏడుగురు ఒకే వరదలో చనిపోయారు. 2023 ఆగస్టులో హిలరీ తుపాను శేషం డెత్ వ్యాలీలో ఒక ఏడాది వాననంతా ఒక్క రోజులో కురిపించి, రెండు నెలలకు దగ్గరగా పార్కును మూయించింది.

ఇన్ని భయాలు చెప్పి మిమ్మల్ని ఇక్కడికి రావద్దనడం నా ఉద్దేశం కాదు. మన వాళ్ళు ఈ ఎడారిని తప్పక చూడాలి. సరైన కాలంలో చూడాలి. డిసెంబరు ఉదయం తొమ్మిదింటికి రెడ్ రాక్‌కు అమ్మనూ నాన్ననూ తీసుకొస్తే, ఎర్రటి ఇసుకరాతి గుట్టల మీద బూడిదరంగు సున్నపురాయి కూర్చుని ఉండడం కంటితోనే చూడొచ్చు. కింద ఉన్న ఎర్రరాయి ఒకప్పటి ఇసుకతిన్నెలు, దాదాపు 18 కోట్ల ఏళ్ళ నాటివి. పైన ఉన్న బూడిదరాయి అంతకంటే ఎంతో ముందటి సముద్రపు అడుగు. పాత పొర కిందా కొత్త పొర పైనా ఉండాల్సింది ఇక్కడ తలకిందులైంది. భూమి లోపలి ఒత్తిడి పాత సముద్రాన్ని తోసుకొచ్చి కొత్త ఎడారి మీద ఎక్కించింది. కీస్టోన్ థ్రస్ట్ అంటారు దాన్ని. బడిలో భూగోళం చెప్పి రిటైరైన తండ్రికి ఇంతకంటే మంచి కానుక స్ట్రిప్ మీద ఎక్కడా దొరకదు.

వ్యాలీ ఆఫ్ ఫైర్‌లో అట్లాటల్ రాక్ అనే బండ దగ్గర ఇనుప మెట్లెక్కితే, నల్లటి రాతిపొరను పొడిచి చెక్కిన బొమ్మలు కనిపిస్తాయి. కొమ్ములు తిరిగిన కొండగొర్రెలు, ఈటె విసిరే కర్ర, సుడులు, మనుషులు. ఐరోపావాళ్ళు ఈ ఖండానికి రాకముందే చెక్కినవి. ఆ బొమ్మ మీద వేలు పెడితే వేలి నూనె రాతికి అంటుకుంటుంది. పక్కన పేరు గీకితే ఆ మచ్చ మన మనవళ్ళ కాలానికీ పోదు. ఈ పార్కులో కొన్ని నడకదారులను మే మధ్య నుంచి సెప్టెంబరు చివరిదాకా వేడి కారణంగా మూసేస్తున్నారు. 2023 జూలైలో ఇక్కడే నడకకు వెళ్ళిన ఇద్దరు మహిళలు ప్రాణాలతో తిరిగి రాలేదు. గొలుసు అడ్డం కట్టి ఉంటే ‘ఫొటో ఒక్కటే’ అని దాటకండని మన వాళ్ళకు తెలుగులో చెప్పండి.

ఈ నేల మీద బతికే ప్రాణుల గురించి ఒక మాట. మొహావీ తాబేలును 1990లో అంతరించే ముప్పున్న జీవుల జాబితాలో చేర్చారు. బతుకులో ఎక్కువ భాగం బొరియలోనే గడిపేస్తుంది. వాన పడ్డప్పుడు తాగిన నీళ్ళను మూత్రాశయంలో దాచుకుని నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా నెట్టుకొస్తుంది. ముచ్చటపడి చేతిలోకి తీసుకుంటే భయంతో ఆ నీళ్ళన్నీ వదిలేస్తుంది. మళ్ళీ వాన వచ్చేదాకా అది బతక్కపోవచ్చు. పిల్లాడు ముద్దుగా ఎత్తుకున్న ఆ ఒక్క నిమిషం దానికి ప్రాణాంతకం కావచ్చు. నీడ కోసం అది ఆగి ఉన్న కార్ల కింద దూరుతుంది కూడా. బండి తీసే ముందు వంగి చక్రాల కింద చూడమని మీ పేజీలో ఒక వాక్యం రాయండి. పిల్లలు ఆ పని ఎంతో ఇష్టంగా చేస్తారు.

మరి వేసవిలో వచ్చిన పెద్దవాళ్ళ మాటేమిటి? వాళ్ళకోసమే మౌంట్ చార్ల్‌స్టన్ ఉంది. స్ట్రిప్ నుంచి వాయవ్యంగా గంటలోపు ప్రయాణం. శిఖరం ఎత్తు 11,900 అడుగులు దాటుతుంది. ఊళ్ళో 110 డిగ్రీలున్న రోజున పైన పైన్ చెట్ల నీడలో ఇరవై, ముప్ఫై డిగ్రీలు తక్కువ ఉంటుంది. కింద ముళ్ళపొదలు, కాస్త పైన జాషువా చెట్లు, ఆపైన జూనిపర్లు, ఇంకా పైన పైన్లు, శిఖరం దగ్గర వేల ఏళ్ళు బతికే బ్రిసిల్‌కోన్ పైన్లు. కారు కిటికీలోంచే వృక్షజాతులు మారిపోతుంటాయి. అమ్మను శాలువా తెచ్చుకోమని చెప్పి, పులిహోర కట్టుకుని అక్కడి పిక్నిక్ బల్ల దగ్గర కూర్చోబెడితే ఆమెకు అమెరికా ప్రయాణమంతటిలో అదే గుర్తుండిపోతుంది. రోడ్డే ఏడు వేల అడుగులు దాటుతుంది గనక ఆయాసం, గుండెజబ్బు ఉన్నవాళ్ళు నెమ్మదిగా నడవాలి. చలికాలంలో ఆ దారిలో మంచు పడుతుంది, టైర్లకు చెయిన్లు అవసరపడతాయి. వేసవిలో కొండ, చలికాలంలో లోయ. ఈ ఒక్క సూత్రం మన వాళ్ళందరికీ చేరితే సగం పని అయిపోయినట్టే.

ఆ కొండను దక్షిణ పైయూట్ జనం తమ పుట్టుచోటుగా కొలుస్తారు. డెత్ వ్యాలీ టింబిషా షొషోనీల ఇల్లు. 2000లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి అక్కడ వాళ్ళ భూమి కొంత వాళ్ళకు తిరిగి ఇచ్చింది. ఇక్కడికి దక్షిణంగా ఉన్న అవీ క్వా ఆమే పర్వతాన్ని మొహావీ తదితర తెగలు పవిత్రంగా చూస్తాయి. 2023 మార్చిలో అది జాతీయ స్మారకమైంది. తిరుమల కొండెక్కేటప్పుడు మనం ఎలా మెలుగుతామో మనకు తెలుసు. ఇంకొకరి దేవుడి కొండ మీద పెద్దగా పాటలు పెట్టడం, ప్లాస్టిక్ కవర్లు వదిలెయ్యడం, రాళ్ళు దొంతర పేర్చి ఫొటోలు దిగడం మనకు తగదు. నేషనల్ పార్కుల్లో డ్రోన్లు ఎగరెయ్యడం నిషేధం కూడా.

ఇప్పుడు పని గురించి. మీరు పంపే పేజీలో పది వాక్యాలు చాలు. వేసవిలో లోయల్లో నడక ఉదయం పదింటికల్లా ముగించాలి. తలకు నాలుగు లీటర్ల నీళ్ళు, వాటితోపాటు ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో ఉండాలి. కాలికి బూట్లు, నెత్తిన టోపీ ఉండాలి. చెమట ఆగినా, మాట తడబడినా, తల తిరిగినా వెంటనే నీడకు, చల్లదనానికి చేర్చి 911కి ఫోను చెయ్యాలి. సిగ్నల్ ఉన్న ఆఖరి చోట ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో ఎవరికైనా మెసేజ్ పెట్టాలి. కారు ఆగితే కారు దగ్గరే ఉండాలి. దూరపు కొండల మీదైనా మేఘం కనిపిస్తే వాగులో దిగకూడదు. గొలుసు దాటకూడదు. రాతిబొమ్మల్ని, తాబేలును తాకకూడదు, బండి తీసే ముందు చక్రాల కింద చూడాలి. నిద్ర వస్తే బండి ఆపాలి. ఈ పదీ ఇంగ్లీషులో పార్కుల వెబ్‌సైట్లలో ఉన్నవే. మన పెద్దవాళ్ళు అవి చదవరు. పిల్లలు చదివినా ‘పదండి, ఏం కాదు’ అనేస్తారు. అదే మాట తెలుగులో, తమ సంఘం పేరుతో వాట్సాప్‌లో వస్తే నాన్నగారు చదువుతారు, పదిమందికీ పంపుతారు, కొడుకు బండి తీస్తుంటే గుర్తు చేస్తారు. ఇంట్లో పెద్దవాళ్ళ మాటకు మన దగ్గర ఇంకా విలువ ఉంది. దాన్ని ఈ పనికి వాడుకోండి.

మీ చలికాలపు కార్యక్రమాల్లో ఒక ఎడారి రోజు పెట్టండి. థాంక్స్ గివింగ్‌కో, క్రిస్మస్ సెలవులకో, సంక్రాంతికి దగ్గరి శనివారమో. ఈ ఊళ్ళో దారులు తెలిసిన తెలుగువాళ్ళం చాలామందిమి ఉన్నాం. మీ కుటుంబాలను రెడ్ రాక్‌లో, వ్యాలీ ఆఫ్ ఫైర్‌లో దగ్గరుండి తిప్పడానికి నేను సిద్ధం. నాలాంటి నలుగురిని కూడగట్టే బాధ్యత కూడా నాదే. ఆ పేజీ చిత్తుప్రతి తెలుగులో రాసి పెట్టాను. మీ డాక్టర్లు చూసి, దిద్ది, మీ పేరుతో పంపండి. నా పేరు అక్కర్లేదు. వచ్చే మెమోరియల్ డే కంటే ముందే అది ప్రతి తెలుగింటి ఫోనులో ఉండాలి.



హెండర్సన్, నెవాడా నుంచి
మీ తెలుగు సోదరి